నీళ్ల పండ్లు, గట్టు పండ్లు

1953లో మా బళ్లారి జిల్లాలో రెండు పెద్ద సంగతులు జరిగాయి. హొసపేట దగ్గర తుంగభద్ర డ్యామ్ పూర్తయి కాలువలకు నీళ్లు వచ్చాయి. అదే సంవత్సరం అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు పోయాయి. బళ్లారి, సిరుగుప్ప, హొసపేట, సండూరు మైసూరు రాష్ట్రంలో కలిశాయి. జిల్లా రెండైంది గానీ కాలువ నీళ్లు మాత్రం ఇటూ అటూ పారాయి.

ఆ నీళ్లను నమ్ముకుని కోస్తా జిల్లాల రైతులు సిరుగుప్ప, కంప్లి, నది అవతల గంగావతి పక్కల భూములు కొని క్యాంపులు కట్టుకున్నారు. మా కుటుంబం కూడా అట్లా వచ్చినదే. క్యాంపుల చరిత్ర అంటే అందరూ వరి గురించే చెబుతారు. మేము పండ్ల గురించి చెప్పాలనుకుంటున్నాం, ఎందుకంటే ఈ నేలలో ఏ నెల ఏం దొరుకుతుందో మా పెద్దవాళ్లు మళ్లీ మొదటినుంచి నేర్చుకోవలసి వచ్చింది.

వాళ్లకు తెలిసిన వేసవి అంటే తాటిముంజలు, చిన్నరసాలు, పెద్దరసాలు. ఇక్కడి బజారులో మామిడి పేర్లే వేరు. ఆల్ఫోన్సోను బాదామి అంటారు, మన బంగినపల్లిని బేనిషాన్ అంటారు. పేరు మారినా కాలం మారలేదు. ఏప్రిల్ చివర మొదలై జూన్‌లో వానలు పడేదాకా.

ఈ సీమ పండ్లు రెండు రకాలు. ఒకటి నీళ్ల పండ్లు. హంపి, కమలాపురం, హొసపేట పక్కన అరటి తోటలు చూడండి. విజయనగర కాలంలో తవ్విన రాయ, బసవణ్ణ, తుర్తు కాలువలు ఇప్పటికీ వాటిని తడుపుతున్నాయి. 1520 ప్రాంతంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ ఈ నగరం చుట్టూ మామిడి, పనస, నిమ్మ తోటలు చూసి రాసిపెట్టాడు. అంగళ్లలో ద్రాక్ష, దానిమ్మ చవకగా దొరికేవని కూడా రాశాడు. నీళ్లు ఉంటే అరటికి కాలం అడ్డు రాదు, ఏడాదంతా గెల దిగుతూనే ఉంటుంది.

రెండోది గట్టు పండ్లు. రేగు, నేరేడు, ఈత, వెలగ, సీతాఫలం. గుట్టల మీద, పొలం గట్ల మీద వాటంతట అవే పెరుగుతాయి. ఎవరూ నీళ్లు పోయరు, ఎవరూ కాపలా కాయరు. తొలివానలకు నేరేడు, చలికాలంలో రేగు. వినాయక చవితికి పాలవెల్లికి కట్టే సీతాఫలం ఇంకా పచ్చికాయే. అది మగ్గి చేతికి వచ్చేది దసరా, దీపావళి మధ్య.

సీతాఫలం పుట్టిల్లు అమెరికా ఖండం. పోర్చుగీసువాళ్ల ఓడల్లో వచ్చిందని చెబుతారు. కిష్కింధ అని చెప్పుకునే ఈ రాళ్ల సీమలో దానికి సీతమ్మ పేరు ఎంత చక్కగా అతికిందో! వలస వచ్చినదని ఇప్పుడు ఎవరికీ గుర్తు లేదు. అది చూస్తే మాకు మా క్యాంపే గుర్తొస్తుంది.

కన్నడ మీడియంలో చదువుకున్న మాకు పండ్ల పేర్లు రెండేసి. మామిడికి మావు, నేరేడుకు నేరళె, దానిమ్మకు దాళింబె. ఇవన్నీ అక్కచెల్లెళ్లలాంటి మాటలు. రేగు మాత్రం బడిలో ఎలచి అయ్యేది. ఇంట్లో భోగిపళ్లు పోసేటప్పుడు రేగిపళ్లు అనేవాళ్లం. మైసూరు వైపు కన్నడ ఇళ్లలో కూడా సంక్రాంతికి పిల్లల తలమీద ఎలచి పళ్లు పోస్తారు. పండు ఒకటే, పండగ ఒకటే.

ఇప్పుడు కాలాన్ని మనిషి జరుపుతున్నాడు. దానిమ్మ రైతు చెట్టుకు కొన్నాళ్లు నీళ్లు ఆపి, ఎండగట్టి, మళ్లీ వదులుతాడు. అప్పుడు పూత వస్తుంది. దాన్ని బహార్ అంటారు. అంబె బహార్ కాపు వానాకాలంలో, మృగ బహార్ కాపు చలికాలంలో, హస్త బహార్ కాపు ఎండలు ముదిరేలోపు వస్తాయి. అది వ్యవసాయంలో తెలివి. కానీ మార్చిలోనే పచ్చగా మెరిసే మామిడిని కార్బైడ్‌తో మాగపెట్టడం తెలివి కాదు, 2011 ఆహార భద్రతా నిబంధనల ప్రకారం అది నిషేధం. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పనిలో ఉన్నవాళ్లం కదా, టైముకు ముందే రెడీ అయిందంటే మాకు మొదట అనుమానమే.

మా బాధ గట్టు పండ్ల గురించి. మడులు చదును అయ్యేకొద్దీ గట్ల మీద రేగు పోయింది. సీతాఫలం బుట్టలు దిగే సండూరు కొండల్లో ఇనుప ఖనిజం తవ్వకాలు ఎంత దూరం పోయాయంటే, 2011 జూలైలో సుప్రీంకోర్టే ఆపమనాల్సి వచ్చింది. అరటిని, దానిమ్మను రైతు కాపాడుకుంటాడు, అమ్ముడుపోతాయి కాబట్టి. రేగును, ఈతను తినేవాళ్లే కాపాడాలి.

అందుకే మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. జూన్, జూలైలో నేరేడు, అక్టోబర్‌లో సీతాఫలం, జనవరిలో రేగు, మేలో మామిడి. కాలం వచ్చినప్పుడే, రోడ్డు పక్క బుట్ట పెట్టుకుని కూర్చున్న అవ్వల దగ్గరే కొంటాం. పేరు తెలుగులో ఒకసారి, కన్నడలో ఒకసారి చెప్పిన పిల్లలకే మొదటి పండు.