విదేశ ప్రయాణికులకు ఆసుపత్రి సేవలు – టీకాలు, మందులు, ధ్రువపత్రాలు

విదేశాలకు వెళ్లేవారి ఆరోగ్య రక్షణకై పెద్ద ఆసుపత్రులలో నిర్వహించే ప్రత్యేక విభాగమే ప్రయాణ వైద్య కేంద్రం. వ్యాధి సోకిన పిమ్మట చికిత్స చేయుటకంటే, సోకకుండా నివారించుటే దీని ప్రధానోద్దేశం. టీకాలు ఫలించుటకు కొంత వ్యవధి అవసరం గనుక, ప్రయాణానికి 4 నుండి 6 వారాల ముందుగా వైద్యుని సంప్రదించడం మేలు.

సంప్రదింపు: ఏ దేశానికి, ఏ ఋతువులో, ఎంతకాలానికి వెళ్తున్నదీ, బస నగరంలోనా, పల్లెలోనా అన్నదీ వైద్యుడు ముందుగా తెలుసుకుంటాడు. మధుమేహం, గర్భధారణ, నిత్యం వాడే మందులు, గతంలో వేయించుకున్న టీకాల వివరాలు దాచరాదు.

ఎల్లో ఫీవర్ టీకా: ఈ వ్యాధి ఆఫ్రికా, దక్షిణ అమెరికా ఖండాలలోని కొన్ని దేశాలలో ఉన్నది. భారతదేశంలో లేదు; కాని దీనిని వ్యాపింపజేసే ఈడిస్ దోమ ఇక్కడ విస్తారంగా ఉన్నది. డెంగీని వ్యాపింపజేసేదీ ఈ దోమే. కనుకనే మన ప్రభుత్వం కఠిన నిబంధన అమలుచేస్తున్నది. వ్యాధి ఉన్న దేశం నుండి ధ్రువపత్రం లేకుండా వచ్చినవారిని 6 రోజుల వరకు నిర్బంధ పర్యవేక్షణలో ఉంచవచ్చును. టీకా వేసిన 10 రోజుల తరువాతనే ధ్రువపత్రం చెల్లుబాటగును. 2016 జూలై 11 నుండి ఇది జీవితాంతం చెల్లుతుంది.

ఈ టీకాను కేంద్ర ప్రభుత్వ గుర్తింపు పొందిన కేంద్రాలలోనే వేయించుకోవాలి. చెన్నై గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్, హైదరాబాదు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ అట్టివి. సీసా తెరిచిన 6 గంటలలోపు మందు వాడివేయాలి; అందుచేత పలు కేంద్రాలు నియమిత దినాలలోనే టీకా వేస్తాయి. దినము ముందే విచారించి, పాస్‌పోర్టుతో వెళ్లవలెను. 9 నెలలు నిండని శిశువులు, గర్భిణులు, 60 ఏళ్లు దాటినవారు, కోడిగుడ్డు పడనివారు, రోగనిరోధక శక్తి తగ్గినవారు ముందుగా వైద్యునికి తెలుపవలెను.

హజ్ యాత్రికులు: సౌదీ అరేబియా చేరుటకు కనీసం 10 రోజుల ముందు మెదడు పొరల వాపు వ్యాధి నిరోధక టీకా వేయించుకొని ఉండాలి.

మలేరియా మందులు: వీటిని ప్రయాణానికి ముందే ఆరంభించి, తిరిగివచ్చిన తరువాత కూడా కొనసాగించాలి. డాక్సీసైక్లిన్‌ను 1–2 రోజుల ముందు మొదలిడి, వచ్చాక 4 వారాలు వాడాలి. ఇంటికి చేరగానే మానివేయుట ప్రమాదకరం. ఎవరికి ఏ మందు తగునో వైద్యుడే నిర్ణయించాలి.

పుట్టినూరికి వచ్చేవారు: కోరాపుట్, మల్కన్‌గిరి వంటి మలేరియా ప్రాంతాలలో పెరిగినవారికి కొంత సహజ రక్షణ ఏర్పడుతుంది. ఏళ్ల తరబడి విదేశంలో నివసిస్తే అది క్షీణిస్తుంది. విదేశంలో పుట్టిన పిల్లలకు అది అసలే ఉండదు. 'మన ఊరే కదా' అని దోమతెర, నివారణ మందులు విస్మరించరాదు.

తిరిగివచ్చిన తరువాత: జ్వరం వచ్చినచో అది మామూలు జ్వరమని భావించి ఇంట్లో మాత్రలు మింగి ఊరకుండరాదు. వెంటనే రక్తపరీక్ష చేయించుకొని, వెళ్లివచ్చిన దేశం పేరు వైద్యునికి స్వయంగా చెప్పవలెను. ఫాల్సిపారం మలేరియా ఆలస్యమైతే ప్రాణాంతకం కాగలదు. సకాలంలో గుర్తించినచో పూర్తిగా నయమవుతుంది.