ముందు ఆగింది గుండెనా, ఊపిరా?

1848 జనవరి 28న ఇంగ్లండులో న్యూకాసిల్ దగ్గర హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ల పిల్ల కాలివేలి గోరు తీయించుకోవడానికి కూర్చుంది. భయంతో ముందునుంచీ ఏడుస్తూనే ఉంది. క్లోరోఫామ్ పీల్చిన కాసేపటికే ప్రాణం పోయింది. శవపరీక్షలో ఊపిరితిత్తులు రక్తంతో కమిలి కనిపించాయి. తెప్పరిల్లాలని నోట్లో పోసిన నీళ్లు, బ్రాందీ అడ్డుపడి ఊపిరాడలేదని సింప్సన్ అన్నాడు. క్లోరోఫామ్‌ను వైద్యానికి తెచ్చినవాడు ఆయనే. కాదు, గుండె ఆగిందని జాన్ స్నో అనే మరో డాక్టరు అన్నాడు.

నలభై ఏళ్లు తెగని ఈ తగువు హైదరాబాదులో మూసీ ఒడ్డున అఫ్జల్‌గంజ్ ఆసుపత్రికి వచ్చింది. రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీకి గురువు సైమ్ నేర్పిన పాఠం ఒక్కటే: మత్తిచ్చేటప్పుడు నాడిని కాదు, శ్వాసను కనిపెట్టి ఉండాలి. 1888లో కుక్కల మీద చేసిన పరీక్షల్లో శ్వాసే ముందు ఆగిందని ఆయన ప్రకటిస్తే లాన్సెట్ పత్రిక నమ్మలేదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ వెయ్యి పౌండ్లు ఇచ్చి, మీ మనిషినే పంపించి చూడమన్నారు. ఆ పరీక్షలకు ఏర్పాటైన కమిషన్‌లో చేరడానికి 1889లో లాన్సెట్ తరఫున లాడర్ బ్రంటన్ లండన్ నుంచి వచ్చాడు. హైదరాబాద్ మెడికల్ స్కూల్లో చదివిన రూపాబాయి ఫర్దూంజీ కూడా ఆ పనిలో పాలుపంచుకున్నారు.

వందల జంతువుల మీద మళ్లీ అదే తేలింది. మోతాదు మించితే శ్వాస నెమ్మదించి ఆగిపోయేది, గుండె మాత్రం ఇంకా కొట్టుకుంటూ ఉండేది. అసలు ఆధారం ఆ కాస్త వ్యవధిలోనే ఉంది. ఊపిరితిత్తుల్లోకి గాలి రాకపోతే రక్తంలో ఆక్సిజన్ తరిగిపోతుంది, చివరికి గుండె కండరానికీ అందదు. ఈలోగా కృత్రిమ శ్వాస ఇస్తే ప్రాణం నిలిచేది.

ఇంతవరకూ వాళ్ల మాట నిజం. కానీ కమిషన్ అక్కడ ఆగలేదు. గుండెకు నేరుగా ప్రమాదమే లేదని తేల్చేసింది.

1911లో గుడ్‌మన్ లెవీ అనే డాక్టరు పిల్లుల మీద ఇంకో దారిలో చూశాడు. మత్తు ఎక్కువైనప్పుడు కాదు, తక్కువగా ఉన్నప్పుడు అడ్రినలిన్ తోడైతే గుండె లయ తప్పి గిలగిల వణికి ఆగిపోయింది. భయపడినప్పుడు మన ఒంట్లో ఊరేది ఆ అడ్రినలినే. మరి హన్నా ఏడుపు? అందరూ ఊపిరితిత్తులనే చూశారు. అవి గుండె ఆగినా, ఊపిరాగినా కమిలేవే, కాబట్టి ఎవరి పక్షానా సాక్ష్యం కావు. ఆ పిల్ల విషయంలో స్నో మాటే నిజమై ఉంటుందని నాకు అనిపిస్తుంది.

అయినా హైదరాబాదు ఓడిపోయిందనే వాళ్లతో నేను ఏకీభవించను. వణికే గుండెకు అప్పట్లో ఏ వైద్యమూ లేదు. 1947లో క్లాడ్ బెక్ విద్యుత్తుతో ఒక మనిషి గుండె వణుకు ఆపి బతికించేదాకా డాక్టర్లు చూస్తూ ఉండాల్సిందే. ఊపిరాగినవాణ్ణి మాత్రం అఫ్జల్‌గంజ్‌లో ఏ యంత్రమూ లేకుండా, సకాలంలో గమనిస్తే, వట్టి చేతులతోనే బతికించగలిగేవారు.