బ్యాంకులో లేని 5,040 కోట్లు

2009 జనవరి 7, బుధవారం. సంక్రాంతికి వారం ఉంది.

"సత్యం మళ్లీ పడుతోంది సార్" అన్నాడు బ్రోకర్ ఆఫీసులో తెర ముందు కూర్చున్న కుర్రాడు.

"పడనీయవయ్యా. మన హైదరాబాద్ కంపెనీ, ఎక్కడికి పోతుంది? ఇంకో యాభై వేసుకుందామా?" అన్నాడు, రిటైరయ్యాక రోజూ అక్కడికొచ్చి టీ తాగే పెద్దాయన.

కుర్రాడు మాట్లాడలేదు. టీవీ వైపు వేలు చూపించాడు.

ఈ ఇద్దరి పేర్లూ అడక్కండి. ఆ పూట మన ఊళ్లలో బ్రోకర్ ఆఫీసు ఉన్న ప్రతి సెంటర్లోనూ ఇలాంటి వాళ్లున్నారు. అంకెలు మాత్రం ఊహ కాదు. ముందురోజు 179 రూపాయల దగ్గర ముగిసిన షేరు ఆ సాయంత్రానికి 40 రూపాయల లోపుకు జారింది. సెన్సెక్స్ 700 పాయింట్లకు పైగా పడింది.

టీవీలో చదువుతున్నది ఒక ఉత్తరం. రాసింది సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు. డైరెక్టర్లకు రాసి, నకళ్లు మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీకీ స్టాక్ ఎక్స్ఛేంజీలకూ పంపారు. సెప్టెంబరు 30 నాటి లెక్కల్లో నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్లని చూపించాం, అందులో 5,040 కోట్లు లేనే లేవన్నారు. రాని వడ్డీ 376 కోట్లు వచ్చినట్టు రాశామన్నారు. ఆ తేదీతో ముగిసిన మూడు నెలల నిర్వహణ లాభం 649 కోట్లని చెప్పాం, నిజానికి 61 కోట్లేనన్నారు. పులి మీద సవారీ చేస్తున్నట్టుంది, దిగితే అది తినేస్తుంది అని వాపోయారు. పులినెక్కిన మాట నిజమే కావచ్చు. ఎక్కించిందెవరో మాత్రం ఉత్తరంలో లేదు.

మూడు వారాలు వెనక్కి వెళ్దాం. డిసెంబరు 16 సాయంత్రం ముంబై మార్కెట్ కట్టేశాక సత్యం ఒక ప్రకటన చేసింది: రాజు కుటుంబానికి చెందిన, భూములూ రోడ్ల వ్యాపారం చేసే మేటాస్ కంపెనీలు రెంటిని 160 కోట్ల డాలర్లకు కొంటున్నామని. మేటాస్ అంటే సత్యం పేరును ఇంగ్లిషులో వెనక నుంచి చదవడమే. సాఫ్ట్‌వేర్ కంపెనీకి భూములెందుకు, రోడ్లెందుకు అని పెద్ద మదుపరులు విరుచుకుపడ్డారు. న్యూయార్క్‌లో నమోదైన సత్యం షేరు సగానికి పైగా పడింది. మనకు తెల్లారేసరికి ఒప్పందం రద్దు. లేని నగదు స్థానంలో ఉన్న భూములు పెట్టి గొయ్యి పూడ్చే ఆఖరి ప్రయత్నమది అని ఉత్తరంలోనే ఒప్పుకున్నారు. ఆ రాత్రి మదుపరులు నోరు మెదపకుండా ఉంటే గొయ్యి పూడిపోయేదే!

అదే డిసెంబరు ఆఖరున మరొకటి బయటపడింది. రాజు కుటుంబం షేర్లు తాకట్టు పెట్టి అప్పులు తెచ్చింది. ధర పడేసరికి అప్పిచ్చినవాళ్లు వాటిని అమ్మేసుకుంటున్నారు. యజమాని వాటా కుదువలో ఉందన్న సంగతి చిన్న మదుపరికి ముందే ఎందుకు చెప్పలేదంటే, చెప్పితీరాలన్న నిబంధన అప్పటికి లేదు. ఈ గొడవ అయ్యాక, జనవరిలోనే సెబీ దాన్ని తప్పనిసరి చేసింది.

ఇక అసలు ప్రశ్న. ఐదువేల కోట్లు బ్యాంకులో ఉన్నాయో లేవో బ్యాంకును అడిగితే తెలియదా? తెలుస్తుంది. ఆడిటరు చేయాల్సిన పనే అది. నిల్వ ఎంతో అడిగే ఉత్తరం తానే బ్యాంకుకు పంపాలి, జవాబు నేరుగా తనకే తెప్పించుకోవాలి. సత్యం ఆడిటరు ప్రైస్ వాటర్‌హౌస్ భారత శాఖ ఈ ఉత్తరాలు పంపడం, జవాబులు తేవడం రెండూ సత్యం వాళ్ల చేతికే వదిలేసిందని 2011లో అమెరికా నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ తేల్చింది. దొంగ చేతికి తాళాలివ్వడమంటే ఇదే. కంపెనీ లోపల ఏడువేలకు పైగా దొంగ బిల్లులు పుట్టాయని సీబీఐ లెక్క తేల్చింది. దొంగ డిపాజిట్ రసీదులూ తయారయ్యాయి. ఈ కంపెనీకే 2008లో, మంచి కార్పొరేట్ పాలనకని గోల్డెన్ పీకాక్ అవార్డు వచ్చింది. తర్వాత వెనక్కి తీసుకున్నారు. డైరెక్టర్లలో హార్వర్డ్‌లో కార్పొరేట్ పాలన మీద పేరున్న ప్రొఫెసరూ ఉన్నారు. ఆయనా, ఇంకొందరూ డిసెంబరు ఆఖరులోనే రాజీనామా చేశారు.

సత్యం నుంచి మూడు నెలలకోసారి ఫలితాలు, నిగనిగలాడే వార్షిక నివేదికలు, న్యూయార్క్‌లో నమోదైనందుకు అమెరికా పద్ధతిలో మరో లెక్క. కాగితాలకు కొదవ లేదు. ఆ కాగితాల్లో అందరూ నమ్మిన పద్దు ఒక్కటే, నగదు నిల్వ. లాభాన్ని అటూ ఇటూ జరపవచ్చు, నగదు మాత్రం అబద్ధమాడదని మార్కెట్లో అందరికీ అలవాటైన నమ్మకం. అబద్ధం సరిగ్గా అక్కడే దాక్కుంది.

జనవరి 9న రాజు, ఆయన సోదరుడు అరెస్టయ్యారు. ప్రభుత్వం పాత బోర్డును రద్దు చేసి దీపక్ పరేఖ్, కిరణ్ కర్నిక్, అచ్యుతన్‌లను కొత్త డైరెక్టర్లుగా కూర్చోబెట్టింది. యాభై వేల మందికి పైగా ఉద్యోగులకు జీతాలెలా అన్నది వాళ్ల ముందున్న మొదటి తలనొప్పి. ఏప్రిల్‌లో షేరుకు 58 రూపాయల చొప్పున పాడుకుని టెక్ మహీంద్రా కంపెనీని దక్కించుకుంది. 2015 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు రాజుతో సహా పదిమందికి ఏడేళ్ల శిక్ష వేసింది. నెల తిరగ్గానే బెయిలొచ్చింది.

డబ్బు సంగతి? అమెరికాలో సత్యం షేర్లు కొన్నవాళ్లు అక్కడి కోర్టుల్లో అందరి తరఫునా ఒకే దావా వేశారు. కంపెనీ 12.5 కోట్ల డాలర్లు, ఆడిటర్లు 2.55 కోట్ల డాలర్లు ఇచ్చుకుని రాజీపడ్డారు. హైదరాబాద్ మదుపరి చదివింది అదే దొంగ లెక్క. కానీ అందరూ కలిసి అలా దావా వేసే దారి మన కంపెనీ చట్టంలో అప్పటికి లేదు. 2013 చట్టంలో పెట్టారు, అమల్లోకి వచ్చింది 2016లో.

మన పెద్దాయన లాంటివాళ్లు కొందరు ఆ బుధవారం నలభైకి అమ్మి బయటపడ్డారు. అమ్మడానికి మనసొప్పనివాళ్లకు 2013లో విలీనమప్పుడు 17 సత్యం షేర్లకు 2 టెక్ మహీంద్రా షేర్లు వచ్చాయి.