ఊటీకి మొదటిసారి వెళ్ళే మనవాళ్ళకు

ఊటీ మొదటిసారి చూడబోయే పిల్లలకు ఒక మాట. మన మేట్టుపాళయం నుంచి కూనూరుకు 1899లో, ఊటీకి 1908లో రైలు పడింది. 46 కిలోమీటర్లు, 208 మలుపులు, 16 సొరంగాలు. కల్లారు నుంచి కూనూరు దాకా పట్టాల నడుమ పళ్ళపట్టా ఉంటుంది. ఇంజను వెనకనుంచి నెడుతుంది. టికెట్టు ముందే తీసుకోండి, చలిబట్టలు మరవకండి.

ఊటీని కలెక్టరు జాన్ సల్లివన్ కట్టించాడని చెబుతారు. ఆయన 1819లో కొండెక్కేనాటికే తోడవాళ్ళు, బడగవాళ్ళు అక్కడ కాపురమున్నారు. దొర బంగళా చూసినప్పుడు వాళ్ళనూ తలచుకోండి. తోడ భాషకు సొంత లిపి లేదు; ఇండ్లల్లో మాట్లాడబట్టే బతికింది.

మేమూ అరవ బడిలో చదివినవాళ్ళమే. తెలుగు అక్షరాలు రైల్వే పింఛను వచ్చాకనే నేర్చాము. అందాకా మా తెలుగును కాచింది ఇంటి మాటే. రైల్లో పిల్లలతో తెలుగులోనే మాట్లాడండి.