కంప్యూటర్ తెరుచుకునే పది నిమిషాలు

ఈసారి కొంచెం చరిత్ర. అమెరికాలో కాల్ సెంటర్ వాళ్లకి కూలి ఏ నిమిషం నుంచి మొదలవుతుంది? చిన్న ప్రశ్నే. కానీ ఇలాంటి ప్రశ్న మీద 1946 ముందు నుంచే కోర్టుల్లో గొడవ ఉంది.

"కూలి" అనే మాట కావాలనే వాడాను. నెలకి ఇంత అని ఇస్తే జీతం, రోజుకో గంటకో లెక్కకట్టి ఇస్తే కూలి అని అమ్మ చెప్పింది. మా బాబాయి 2000ల్లో హైదరాబాద్‌లో రాత్రంతా అమెరికా కాల్స్ తీసుకునేవాడు. ఆయనది నెల జీతం. కాలేజీ అయ్యాక నేను ఇక్కడ ఒక టెక్ సపోర్ట్ కాల్ సెంటర్‌లో రెండేళ్లు చేశాను. నాది గంటల లెక్క. ఇద్దరం హెడ్‌సెట్ పెట్టుకున్నవాళ్లమే, కానీ నాకు నిమిషం పోతే డబ్బు పోయినట్టే.

మా దగ్గర హాజరు వేసే ప్రోగ్రామ్ కంప్యూటర్ లోపలే ఉండేది. ముందు కంప్యూటర్ ఆన్ చేయాలి, పాస్‌వర్డ్‌లు కొట్టాలి, ఫోన్ ప్రోగ్రామ్, కస్టమర్ల వివరాల ప్రోగ్రామ్ తెరవాలి. షిఫ్ట్ టైముకి మొదటి కాల్ కోసం సిద్ధంగా ఉండాలి. దీనికి రోజూ పది నిమిషాలు పట్టేది. వాటికి కూలి లేదు. ఏడాదికి 50 వారాలు అనుకుంటే 2,500 నిమిషాలు, అంటే 41 గంటల పైనే. ఒక వారం ఊరికే పని చేసినట్టు!

ఇప్పుడు వెనక్కి వెళ్దాం. 1938లో వచ్చిన చట్టం కనీస కూలి, ఓవర్‌టైమ్ ఇచ్చింది. కానీ "పని" అంటే ఏమిటో అందులో చెప్పలేదు. మిషిగన్‌లోని మౌంట్ క్లెమెన్స్‌లో పింగాణీ ఫ్యాక్టరీ కార్మికులు కోర్టుకి వెళ్లారు. హాజరు గడియారం నుంచి తమ బల్ల దాకా నడవడం, ఏప్రాన్ కట్టుకోవడం, స్విచ్‌లు వేయడం కూడా పనే అన్నారు. 1946లో సుప్రీం కోర్టు వాళ్ల మాట ఒప్పుకుంది. వెంటనే దేశమంతా కేసులు పడ్డాయి. యజమానులు భయపడ్డారు. 1947లో కాంగ్రెస్ కొత్త చట్టం చేసింది: పనికి ముందు నడకకీ, చిన్న చిన్న ఏర్పాట్లకీ కూలి ఇవ్వక్కర్లేదు.

అయితే ఒక తలుపు తెరిచే ఉంది. 1956లో బ్యాటరీ ఫ్యాక్టరీ కార్మికుల కేసు వచ్చింది. సీసం, యాసిడ్ వల్ల వాళ్లు బట్టలు మార్చుకోవాలి, స్నానం చేయాలి. అవి లేకుండా ఆ పని క్షేమంగా చేయలేరు, కాబట్టి అవీ పనిలో భాగమే అంది సుప్రీం కోర్టు.

కాల్ సెంటర్ వాళ్లు ఈ తలుపులోంచే లోపలికి వచ్చారు. కంప్యూటర్ ఆన్ చేసి ప్రోగ్రామ్‌లు తెరవడమే వాళ్ల రోజులో మొదటి పని కావచ్చని కార్మిక శాఖ 2008లో రాసింది. 2021లో ఒక అప్పీళ్ల కోర్టు, 2022లో లాస్ వేగాస్ కాల్ సెంటర్ కేసులో ఇంకో అప్పీళ్ల కోర్టు అదే దారిలో తీర్పు ఇచ్చాయి. కంప్యూటర్ లేకుండా కాల్ తీసుకోలేరు కదా, మరి దాన్ని ఆన్ చేయడం పని కాకుండా ఎలా పోతుంది?

కానీ ఒక్కో అప్పీళ్ల కోర్టు మాట దాని కింద ఉన్న రాష్ట్రాల్లోనే తప్పనిసరి. పైగా ఆ 1938 చట్టం కింద రాని కూలి అడగడానికి మామూలుగా రెండేళ్లే గడువు, కావాలనే ఎగ్గొట్టారని తేలితే మూడేళ్లు. నా గడువు ఎప్పుడో దాటిపోయింది.

మీ ఇంట్లో తమ్ముడో చెల్లో గంటల లెక్కన ఇలాంటి ఉద్యోగంలో చేరితే ఒక్క మాట చెప్పండి: కంప్యూటర్ ఆన్ చేసిన టైము రోజూ ఒక నోట్‌బుక్‌లో రాసుకోమనండి.