దుమ్ము: సాక్షా, ముద్దాయా?

దుమ్ము అనగానే మనకు ముందు గుర్తుకొచ్చేది చీపురు. ఊడ్చి బయట పారబోయవలసిన వస్తువుగానే మనం దానిని ఎరుగుదుం. వైద్యవృత్తిలో ఉన్న మా బోటివారికి అది ఊపిరితిత్తుల శత్రువు కూడా. రాళ్ళు కొట్టే పనిలో ఏళ్ళు గడిపినవారి ఎక్స్‌రేలు చూసినవారెవరూ దుమ్మును తేలికగా తీసుకోలేరు. అయితే ఈ దుమ్ముకు ఇంకొక వృత్తి ఉంది. భూమి మీద చలి, వేడి, వాన, కరువు ఎప్పుడెలా మారాయో చెప్పే సాక్షి అది. ఒక్కొక్కప్పుడు ఆ మార్పులలో తానే చేయి చేసుకున్న ముద్దాయి కూడా. ఈ రెండు పాత్రలూ ఒకేచోట కనబడే కథ మనం వచ్చి స్థిరపడిన ఈ అమెరికా నడిబొడ్డునే జరిగింది. మన పిల్లలు బడిలో 'డస్ట్ బౌల్' అని చదువుకునే కథ అది.

1935 ఏప్రిల్ 14, ఆదివారం. కొన్ని వారాలుగా దుమ్ము గాలులతో వేసారిన కాన్సాస్, ఓక్లహోమా పల్లెలలో ఆ ఉదయం ఆకాశం నిర్మలంగా తెల్లవారింది. జనం కిటికీలు తెరిచారు, బట్టలు ఉతికి ఆరవేశారు, చర్చికి వెళ్ళారు. మధ్యాహ్నం దాటాక ఉత్తర దిక్కున నల్లని గోడ వంటిది లేచింది. పక్షులు దానికి ముందుగా ఎగిరిపోతున్నాయి. గోడ మీద పడగానే చలి వేసింది, పట్టపగలు కళ్ళెదుట పెట్టుకున్న చేయి కనబడలేదు. చాలామంది యుగాంతం వచ్చిందనే అనుకున్నారు. ఆ రోజుకు 'నల్ల ఆదివారం' అని పేరు నిలిచిపోయింది. మర్నాడు రాబర్ట్ గైగర్ అనే పత్రికా విలేఖరి తన వార్తలో ఆ ప్రాంతాన్ని 'డస్ట్ బౌల్' అన్నాడు. ఆ పేరూ నిలిచిపోయింది.

అంత మెత్తని మట్టి అక్కడికి ఎలా చేరింది? ఈ ప్రశ్నకు జవాబు కావాలంటే ఇరవై వేల ఏండ్ల వెనక్కు, గడిచిన హిమయుగానికి పోవాలి. ఆనాడు ఉత్తర అమెరికా పైభాగాన్ని మంచుపలక కప్పి ఉండేది. మంచు రాళ్ళను పిండిగా నూరేది. కరిగిన నీరు ఆ పిండిని నదుల ఒడ్డున పరిచేది. ఎండిన ఒడ్ల నుంచీ, వాయవ్యంలోని బీడునేలల నుంచీ గాలి దానిని ఎత్తి మైదానాల మీద పోసింది. అలా పేరుకున్న పసుపురంగు మట్టిని 'లోయెస్' అంటారు. నెబ్రాస్కాలో కొన్నిచోట్ల ఆ ఒక్క హిమయుగపు మట్టే 40 మీటర్లకు మించిన మందాన ఉంది. ఈ గొప్ప గోధుమ నేలలలో చాలాభాగం ఒకప్పటి దుమ్మే అన్నమాట.

ఆ దుమ్ము ఈ ఖండానికే పరిమితం కాలేదు. అంటార్కిటికాలో 'డోమ్ సి' అనే చోట ఐరోపా శాస్త్రజ్ఞులు మూడు కిలోమీటర్లకు పైగా మంచును తొలిచి, 8 లక్షల ఏండ్ల చరిత్రను పైకి తీశారు. హిమయుగపు పొరలు వచ్చినప్పుడల్లా అందులో దుమ్ము పెరుగుతుంది. అతి చలి కాలాలలో పడిన దుమ్ము, వెచ్చని కాలాలలో పడినదానికి సుమారు 25 రెట్లు. అందులో ఎక్కువ భాగం దక్షిణ అమెరికా కొసన ఉన్న పటగోనియా నుంచి సముద్రం దాటి వచ్చింది. చలి కాలంలో వానలు తగ్గి, పచ్చిక చచ్చి, నేల బయటపడింది. గాలిలో దుమ్మును కడిగే వానా తక్కువైంది. కనుక దుమ్ము పెరిగింది. ఇంతవరకు అది సాక్షి.

ఇక ముద్దాయి పాత్ర. గాలిలో తేలే దుమ్ము గొడుగులాగా ఎండను కొంత వెనక్కు తిప్పి, కింది నేలను చల్లబరుస్తుంది. మంచు మీద పడితే దాని తెల్లదనాన్ని చెరిపి, ఎండను పీల్చుకునేట్టు చేసి కరిగిస్తుంది. సముద్రంలో పడితే అందులోని ఇనుము కంటికి కనబడని నీటి మొక్కలకు ఎరువవుతుంది. ఆ మొక్కలు పెరిగి, గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి, చచ్చి అడుగుకు చేరితే భూమి ఇంకా చల్లబడుతుంది. ఈ చివరి ఊహను 1980ల చివర జాన్ మార్టిన్ అనే సముద్ర శాస్త్రజ్ఞుడు గట్టిగా ముందుకు తెచ్చాడు. హిమయుగంలో ఆ వాయువు పది లక్షల పాళ్ళకు 280 నుంచి 180 దాకా దిగింది. ఆ తగ్గుదలలో దుమ్ము వాటా కొంతే, మొత్తం కాదు. అయినా చలి వల్ల పుట్టిన దుమ్ము చలిని పెంచిందన్నమాట నిలబడింది.

మళ్ళీ మన మైదానాలకు వద్దాం. హిమయుగం పోయాక ఆ మట్టి మీద గడ్డి మొలిచింది. వేల ఏండ్లు దాని వేళ్ళు చాపలాగా అల్లుకుని మట్టిని కదలనివ్వలేదు. కరువులు అప్పుడూ వచ్చాయి. గడ్డి పైన వాడినా కింద వేరు పట్టు వదలలేదు. 1862 నాటి హోంస్టెడ్ చట్టం కుటుంబానికి 160 ఎకరాలు ఇచ్చింది. 1909లో మెట్ట ప్రాంతాలకు దానిని 320 ఎకరాలు చేశారు. మొదటి ప్రపంచయుద్ధంలో గోధుమ బుషెల్ ధర రెండు డాలర్లు దాటింది. ట్రాక్టర్లు, డిస్కు నాగళ్ళు వచ్చాయి. కొన్నేళ్ళు వానలు కూడా బాగా కురవడంతో గడ్డినేల లక్షల ఎకరాలు తిరగబడింది. 1931లో పంట విరగబండింది, ధర మట్టిలో కలిసింది. గోరుచుట్టు మీద రోకటిపోటులా అప్పుడే వానలు ముఖం చాటేశాయి. రైతు చేలు వదిలి వెళ్ళాడు. కప్పు లేని నేల మిగిలింది.

దుమ్ము తుపానులు 1932లో 14 లెక్కకు వచ్చాయి, 1933లో 38. 1934 మే నెలలో లేచిన దుమ్ము చికాగో మీద రాలి, న్యూయార్కులో పట్టపగలు దీపాలు వెలిగించేట్టు చేసి, అట్లాంటిక్‌లో తీరానికి 300 మైళ్ళ దూరాన ఉన్న ఓడల మీద పడింది. మైదానాలలో ఇంటికి తడిబట్టలు కట్టినా అన్నంలో, పాలల్లో, పసిపిల్లల ముక్కుల్లో దుమ్మే. 1935లో రెడ్‌క్రాస్ తాత్కాలిక ఆసుపత్రులు తెరిచి, ముఖానికి కట్టుకునే మాస్కులు పంచింది. 'దుమ్ము న్యుమోనియా' అన్న మాట ఆనాడే వాడుకలోకి వచ్చింది. కాన్సాస్ ఆరోగ్యశాఖ వైద్యులు ఆ దుమ్మును పరీక్షిస్తే అందులో సిలికా బాగా ఉంది. వైద్యులుగా ఇక్కడ మేమొక మాట చెప్పాలి. ఆ ఏడే అక్కడ తట్టు జబ్బు కూడా తీవ్రంగా వ్యాపించింది. కనుక ప్రతి చావునూ దుమ్ము ఖాతాలో రాయలేం. కాని తట్టుతో నీరసించిన పిల్లవాడి ఊపిరితిత్తులకు ఆ గాలి ఏం చేసి ఉంటుందో ఊహించడానికి వైద్యుడే కానక్కరలేదు.

తప్పు ఎవరిది? 'ఆకాశానిది' అన్నారు కొందరు. 'నాగలిది' అన్నారు ఇంకొందరు. ఆకాశపు వాటా నిజమే. ఆ దశకంలో పసిఫిక్ మహాసముద్రపు ఉష్ణప్రాంతం కొద్దిగా చల్లగా, అట్లాంటిక్ కొద్దిగా వెచ్చగా ఉండి, మైదానాలకు రావలసిన తేమను తప్పించాయి. అయితే 2009లో కుక్, మిల్లర్, సీగర్ అనే శాస్త్రజ్ఞులు ఒక లెక్క వేశారు. సముద్రాల తాపం ఒక్కటే కంప్యూటరుకు ఇస్తే వచ్చిన కరువు నిజంగా వచ్చినంత తీవ్రంగా లేదు, అది మరీ దక్షిణానికి జరిగి ఉంది. పోయిన పైరునూ, లేచిన దుమ్మునూ లెక్కలో కలిపాకనే కరువు తీవ్రమై, ఉత్తరానికి పాకి, చరిత్రలో జరిగిన చోటికి దగ్గరగా వచ్చింది. దుమ్ము ఎండను ఆపింది. నేల నుంచి ఆవిరి లేవడం తగ్గింది. గాలి పైకి లేవక వాన ఇంకా తగ్గింది. వాన లేక మళ్ళీ దుమ్ము.

వాంతులతో నీరసించిన రోగిని తలచుకోండి. ఒంట్లో నీరు తగ్గిన కొద్దీ వికారం పెరుగుతుంది, తాగిన నీరు నిలవదు. లక్షణమే కారణంగా మారుతుంది. అక్కడ వైద్యుడు చేసేది ఆ చక్రాన్ని ఎక్కడో ఒకచోట తెంచడం. హ్యూ బెనెట్ చేసింది అదే. ఆయన పట్టుదలతో 1935 ఏప్రిల్ 27న, నల్ల ఆదివారం గడిచిన పదమూడు రోజులకు, నేల సంరక్షణ చట్టం వచ్చింది. వాలుకు అడ్డంగా దున్నడం, మోళ్ళను చేలోనే వదలడం, ఎండిన పొలంలో మళ్ళీ గడ్డి వేయడం రైతులకు నేర్పారు. 1942 లోపల డకోటాల నుంచి టెక్సాస్ వరకు గాలికి అడ్డంగా సుమారు 22 కోట్ల చెట్లు నాటారు. దశకం చివర వానలు తిరిగి వచ్చాయి. 1950లలో మళ్ళీ గట్టి కరువు వచ్చినా, దుమ్ము 1930ల నాటంతగా పేట్రేగలేదు. ఆకాశాన్ని మనం మార్చలేకపోయినా నేలను కప్పి ఉంచగలమని దాని వల్ల తేలింది.

ఈ పాఠం ఒకసారి నేర్చి మరచిపోదగినది కాదు. 2023 మే 1న ఇల్లినాయ్‌లో స్ప్రింగ్‌ఫీల్డ్ దగ్గర, కొత్తగా దున్నిన పొలాల నుంచి లేచిన దుమ్ము అంతర్రాష్ట్ర రహదారి 55ను కమ్మితే కార్లు ఒకదాని మీద ఒకటి పడి ఎనిమిది మంది పోయారు. మన కుటుంబాలు సెలవులకు తిరిగే దారే అది. మైదానాలలో అనేకచోట్ల పంటను ఇప్పుడు నిలబెడుతున్నది భూగర్భజలం. తోడినంత వేగంగా అది ఊరడంలేదు.

పిల్లలతో పడమటి దిక్కుకు కారులో పోయేవారికి ఒక సలహా. నైరుతి కాన్సాస్‌లో సిమరాన్ అనే జాతీయ గడ్డిభూమి ఉంది. ఆనాడు పాడుబడిన పొలాలను ప్రభుత్వం కొని, మళ్ళీ గడ్డి మొలిపించిన లక్ష ఎకరాల నేల అది. చూడటానికి అక్కడ కొండలూ జలపాతాలూ ఏమీ లేవు, గడ్డి మాత్రమే ఉంది. ఒకసారి కారు ఆపి, ఆ గడ్డి వేళ్ళ కింద హిమయుగం నాటి నుంచి పడుకుని ఉన్న దుమ్ము గురించి, అది లేచిన నాటి సంగతి గురించి పిల్లలకు చెప్పండి.