టైబర్ మీద పక్షుల మబ్బు

చలికాలపు సాయంత్రాల్లో రోమ్‌లోని టైబర్ నది మీద స్టార్లింగ్ పక్షులు, మన గోరింకల దాయాదులు, మబ్బులా ముడుచుకుని విచ్చుకుంటాయి. పక్షుల గమనంలో శకునాలు వెతికిన నగరం కనుక ఇదీ ప్రాచీన దృశ్యమే అనిపిస్తుంది. నిజానికి ఇది ఆధునిక నగరం పిలిచి తెచ్చుకున్న వలస. 1870 వరద తర్వాత నదికి ఎత్తైన గట్టుగోడలు కట్టి, వాటి వెంట ప్లేన్ చెట్లు పెంచారు. ఊరు విస్తరించి, రాత్రులు పొలాలకన్నా వెచ్చబడ్డాయి. పగలు ఆలివ్ తోటల్లో మేసే ఈ పక్షులు నగరంలో రాత్రి మకాం పెట్టడం 1920లలోనే మొదలైంది.

మొదటి శతాబ్దంలోనే రోమన్ రచయిత ప్లినీ ఇవి బంతిలా గుమిగూడి తిరుగుతాయని రాశాడు కదా అనవచ్చు. ఆయన చెప్పింది పక్షి స్వభావం, రోమ్ చెట్ల మీది మకాం కాదు. రెట్టలతో బాటలు జారుతున్నాయన్న ఫిర్యాదు న్యాయమైనదే. కానీ గూడు సిద్ధం చేసింది మనిషే కనుక వాటిని చొరబాటుదారులనడం అన్యాయం. పైగా ఒక్కో పక్షి పక్కనున్న ఆరేడింటినే అనుసరిస్తుందని 2008లో శాస్త్రవేత్తలు తేల్చింది ఈ నగరపు గుంపులను ఫొటోలు తీసే.